అన్నకో సీటు

ముందు నుదురు, తర్వాత చెంపలు, చివరికి మెడ. బెకుముజి రోజూ ఇదే వరసలో మసి పూసుకుంటాడు. కళ్ళ చుట్టూ మాత్రం పూయడు. గనిలోంచి పైకి వచ్చినవాడు మొట్టమొదట చేసే పని కళ్ళు నులుముకోవడం కాబట్టి అక్కడ ఖాళీగానే ఉండాలి. ఈ మసి అసలు బొగ్గుది కాదు. కట్టెబొగ్గు పొడిని వాసెలిన్‌లో కలిపి డబ్బాకెత్తి ఇస్తారు. అసలు బొగ్గుపొడి ఆరోగ్యానికి చేటు అని మ్యూజియం వాళ్ళ నియమం. ఆ నియమమేదో అతను కుర్రవాడుగా ఉన్నప్పుడు పెట్టి ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడు ఒంటి మీద ఉన్నది ఉత్తుత్తి సరుకు, ఊపిరితిత్తుల్లో ఉన్నది అసలు సరుకు.

మనిషి పొడుగే గాని నడుం దగ్గర వంగిపోయాడు. ఇరవై ఏళ్ళు నడుమెత్తు సొరంగంలో పనిచేసినవాడి వీపు మళ్ళీ నిలబడదు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది. రెండు మెట్లు ఎక్కితే మూడో మెట్టు మీద ఆగుతాడు. ఆగినప్పుడు ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకుంటాడు. ఊపిరి కోసం ఆగాడని ఎవరూ అనుకోకూడదని ఆ నాటకం. అది అందరికీ తెలుసు. తెలియనట్టు వాళ్ళూ నాటకం ఆడతారు.

"ఇవాళైనా కాస్త అందంగా పూసుకో ముసలోడా, ఆఖరి రోజు," అంది పొన్నమ్మ గుమ్మంలో నిలబడి. వెలిసిపోయిన నూలుచీర, నడుము మీద ఇత్తడి బిందె. ఆమె ముత్తవ్వ చెరకుతోటల్లో కూలికని ఓడెక్కి నాటల్ వచ్చింది, ఆ తర్వాత ఈ గని వీధుల్లో చచ్చింది. ముత్తవ్వలాగా పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాల్చడమే పొన్నమ్మ ఉద్యోగం. బెకుముజి జూలూ కూలీల కొట్టం చూపిస్తాడు. పొన్నమ్మ ఇండియా కూలీల వరస చూపిస్తుంది. ఆ పక్కన పూలతోట ఉన్న ఇంట్లో కోబస్ అనే తెల్లాయన మేస్త్రీ దొరలాగా చొక్కా గుండీలు పెట్టుకుని పైపు కాలుస్తాడు. మూడు రకాల బతుకులూ ఒక్క టికెట్టుకే.

"అందంగా పూసుకుంటే నువ్వు నా వెనక పడతావు," అన్నాడు బెకుముజి.

"పడతా. నువ్వు అంబులెన్సులో పోతుంటే వెనకే పడతా. ఆ ఊపిరేంటి అలా ఎగపీలుస్తున్నావు? రాత్రి నిద్రపోయావా?"

"పోయాను."

"అబద్ధం. మీ అన్న కొడుకు లుంగా ఫోనెత్తాడా?"

"మెసేజి పెట్టాడు. చర్చిలో ఉపవాసమంట. చచ్చినోళ్ళతో మాట్లాడటం సైతాను పనంట."

"సొంత నాన్నతో మాట్లాడటం కూడా సైతాను పనేనా?"

"వాడు నాన్నని ఎప్పుడు చూశాడు గనక," అన్నాడు బెకుముజి.

తలుపు వెనక బకెట్టు నీళ్ళలో రేగుకొమ్మ ఉంది. నిన్న సాయంత్రం కొండవాలున కోసుకొచ్చాడు. చిన్నచిన్న ఆకులు మెరుస్తున్నాయి. ప్రతి ఆకు మొదట్లోనూ రెండు ముళ్ళు. ఒకటి నిటారుగా ముందుకు పొడుచుకుని ఉంటుంది, రెండోది కొక్కెంలాగా వెనక్కి తిరిగి ఉంటుంది. పోవాల్సిన దారికి ఒకటి, వచ్చిన దారికి ఒకటి అంటారు పెద్దవాళ్ళు. ఇంటికి దూరంగా చచ్చిపోయినవాడిని ఇంటికి తెచ్చుకోవాలంటే ఈ కొమ్మ కావాలి. చచ్చిన చోటికి వెళ్ళి, కొమ్మ నేలకి ఆనించి, పేరు పెట్టి పిలిచి, ఆ కొమ్మ మీద అతన్ని ఎక్కించుకుని రావాలి. దారి పొడుగునా అతనికి దారి చెబుతూ ఉండాలి. బతికున్నవాళ్ళతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడకూడదు. మాట్లాడితే ఆ చచ్చిపోయినవాడు, ఈయన నన్ను వదిలేసి వేరే వాళ్ళతో పోతున్నాడు అనుకుని అక్కడే దిగిపోతాడు. అక్కడ దిగినవాడు అక్కడే ఉండిపోతాడు.

బెకుముజి వాళ్ళ అన్న, దుమకుడే అని పేరు, నలభై ఏళ్ళుగా గోడ వెనక ఉన్నాడు.

అప్పట్లో ఒక రోజు గనిలో గ్యాసు అంటుకుంది. అన్నది పగటి పాళీ, తమ్ముడిది రాత్రి పాళీ. తమ్ముడు కొట్టంలో నిద్రపోతుంటే నేల కదిలింది. మంట మిగతా గనికి పాకకుండా కంపెనీ వాళ్ళు ఆ పక్క సొరంగానికి అడ్డంగా ఇటుకగోడ కట్టేశారు. అప్పటికి లోపల ఎవరైనా బతికి ఉన్నారో లేదో గోడ కట్టినవాళ్ళకి తెలియదు. తెలుసుకోవడానికి ఎవరూ ఆగలేదు. శవాలు బయటికి రాలేదు. తండ్రి సొంతూరు మ్సింగా నుంచి రేగుకొమ్మ పట్టుకుని వచ్చాడు. కాపలావాడు గేటు తీయలేదు. ముసలాయన గేటు బయటే నిలబడి కొడుకుని పిలిచి, కొమ్మ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో మేకను కోశారు. కొమ్మను ఆ ఇంటి గుడిసెలో వెనకగోడ దగ్గర పెట్టారు. అయినా దుమకుడే భార్య మాఖోజా కలలో అతను ఇంటికి రాలేదు. ఖోజా వాళ్ళ ఆడపడుచు కాబట్టి అందరూ ఆమెను మాఖోజా అనే పిలుస్తారు. కంచె అవతల అటు తిరిగి నిలబడి, దారెటు అని ఎవరినో అడుగుతున్నట్టు ఆమెకి కల వచ్చేది. సోదె చెప్పే ఆమె ఒక్కమాటలో తేల్చేసింది: "గేటు కాడ నిలబడి అరిస్తే గోడ వెనకున్నోడికి ఎట్టా వినపడుద్ది?"

మళ్ళీ పిలవాలి, ఈసారి కొడుకు చేతుల మీద జరగాలి అన్నారు పెద్దలు. అప్పటికి లుంగా తల్లి కడుపులో ఉన్నాడు. పుట్టాలని ఆగారు, పెరగాలని ఆగారు. పెరిగి డర్బన్ వెళ్ళి చర్చిలో కలిశాడు. మనసు మారుతుందని ఆగారు. ఈలోగా గని మూతపడింది, మ్యూజియం అయింది, పాత కూలీలందరూ ఇళ్ళకి పోయారు. బెకుముజి పోలేదు. పెళ్ళి చేసుకోమంటే అన్న ఇల్లు చేరాక చూద్దాం అన్నాడు. చూస్తూ చూస్తూ ముసలివాడయ్యాడు. ఇప్పుడు సోమవారం నాడు సొరంగం నోరు కాంక్రీటుతో మూసేస్తున్నారు. లోపల కప్పు పెళ్ళలు రాలుతున్నాయట, ఎవరి నెత్తినైనా పడితే మ్యూజియం మునుగుతుందట. ఇక మీదట కొట్టంలో మైనపు బొమ్మలు పెడతారు, మీట నొక్కితే మాటలు వస్తాయి. ఆ మాటలకి బెకుముజి గొంతే రికార్డు చేసుకున్నారు. దగ్గు వచ్చిన చోటల్లా ఆపి మళ్ళీ చెప్పించారు.

పొద్దున్నే స్కూలు పిల్లలు వచ్చారు, తర్వాత ఎక్కడివాళ్ళో పర్యాటకులు. బెకుముజి సిమెంటు అరుగు మీద ఎలా పడుకునేవాళ్ళో పడుకుని చూపించాడు. ఒక్కో అరుగు శవపేటిక అంత. చెక్క కూడా లేదు, పరుపు ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. డాక్టరు ముందు బట్టలు విప్పి వరసలో నిలబడటం చెప్పాడు. బట్టలు విప్పకుండానే చెప్పాడు. అయినా ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి చేతులు వాటంతట అవే ముందుకి పోయి అడ్డం పడతాయి. అప్పుడే దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. తెర తగ్గి తలెత్తేసరికి పర్యాటకులు చప్పట్లు కొడుతున్నారు.

"అచ్చం నిజం దగ్గులాగే ఉంది," అంది ఒకావిడ మెచ్చుకుంటూ.

"చాలా ఏళ్ళుగా నేర్చుకున్నానమ్మా," అన్నాడు బెకుముజి.

మధ్యాహ్నం పొన్నమ్మ బ్రెడ్డు తొలిచి అందులో చిక్కుడుగింజల కూర పోసి తెచ్చింది. కూర తిన్నాడు, బ్రెడ్డు తినలేకపోయాడు. రేపటిదాకా ఆగకూడదా, కాస్త ఒళ్ళు నెమ్మదించాక పోకూడదా అని ఆమె అడిగింది. రేపు ఆదివారం, గేటు తీయరు, ఎల్లుండి కాంక్రీటు అన్నాడు అతను.

"మా వాళ్ళు హాయి. కాల్చి, బూడిద ఏట్లో కలిపేస్తారు. ఎటు పోయాడని ఎవరూ వెతుక్కోరు," అంది పొన్నమ్మ.

"మరి మీ ముత్తవ్వ ఎటు పోయింది?"

ఆమె బిందె ఎత్తుకుని తన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆఖరి జట్టు బయటికి వచ్చాక కోబస్ తాళంచెవి తెచ్చాడు. రోజూ పొద్దున్నే కొట్టం గుమ్మంలో కర్రతో బాదుతూ లేవండ్రా సోమరిపోతుల్లారా అని బెకుముజి మీద అరిచేది ఆయనే. అరవడం అయ్యాక సిగరెట్టు ఇస్తాడు. బెకుముజిని గోడ దాకా వెళ్ళనివ్వమని మేనేజరు దగ్గర అనుమతి తెచ్చింది కూడా ఆయనే. పర్యాటకులని సొరంగంలో ఇనుపజాలీ దాకా తీసుకెళ్ళి ఆపేస్తారు. ఇన్నేళ్ళలో బెకుముజి కూడా ఆ జాలీ దాటలేదు.

"కప్పు చూసుకో," అన్నాడు కోబస్. "నేను ఇక్కడే ఉంటా."

లోపల గాలి తడిగుడ్డలా మొహానికి తగిలింది. బెకుముజి నడుము వంచి నడిచాడు. ఆ వంపు అతనికి కొత్త కాదు. గోడ చిన్నదే. ఇన్నేళ్ళుగా మనసులో కొండంత చేసుకున్న గోడ, తీరా చూస్తే నలుగురు తాపీవాళ్ళు ఒక పూటలో కట్టేసేటంత ఉంది. కొమ్మ గోడ మొదట్లో నేలకి ఆనించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంశం పేరు పెట్టి పిలిచాడు.

"మ్వెలాసె. తెంబుల బిడ్డా. దుమకుడే. నేను బెకుని, నీ తమ్ముణ్ణి. లే అన్నా, ఇంటికి పోదాం. అప్పుడు నాన్న వచ్చాడు, గేటు తియ్యలేదు, ఆయన తప్పేం లేదు. ఆయనిప్పుడు మీ దగ్గరే ఉన్నాడో లేడో నాకు తెలీదు. వదిన బతికే ఉంది. నీకు కొడుకు పుట్టాడు. లుంగా అని పేరు. నీ అంత ఎత్తు. వాడే రావాల్సింది, డ్యూటీలో ఇరుక్కుపోయాడు. నీకు చెప్పమన్నాడు."

చచ్చిపోయినవాళ్ళ దగ్గర అబద్ధం ఆడకూడదు. ఆ సంగతి తెలిసే ఆడాడు.

వెనక జాలీ దగ్గర ఎవరో ఇద్దరు పర్యాటకులు తిరిగి వచ్చినట్టున్నారు, ఫోన్ల వెలుతురు గోడ మీద ఆడింది. ఇది ఆట కాదు, ఫోన్లు దించండి అని కోబస్ అంటున్నాడు. బెకుముజి వెనక్కి చూడలేదు. కొమ్మ ఎత్తాడు. బరువు పెరిగినట్టు అనిపించింది. నిజంగా పెరిగిందో, తన చేతుల్లో సత్తువ తగ్గిందో అతనికే తెలియదు. కానీ ఏడుపు వచ్చింది. నలభై ఏళ్ళలో మొదటిసారి అన్న పక్కన ఉన్నాడు.

"పద అన్నా. తల వంచు, కప్పు తగులుద్ది."

ఆ క్షణం నుంచి అతను బతికున్నవాళ్ళకి మూగవాడు. మొహం కడుక్కోవడానికి ఆగలేదు, వేషం విప్పలేదు. మామూలుగా కొమ్మ పట్టుకున్నవాడి వెంట ఇంకొకడు ఉండాలి, దారిలో లోకంతో మాట్లాడే పని వాడిది. లుంగా వచ్చి కొమ్మ పట్టుకుని ఉంటే ఆ పని బెకుముజిది అయ్యేది. పొన్నమ్మ వేషం చీర మీదే కోటు తొడుక్కుని బయలుదేరింది.

"టాక్సీల దాకా నేనొస్తా. నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతా. అది నాకు చేతనైన పనే," అంది. దారిలో రెండుసార్లు ఆగి అతని వంక చూసింది. "బెకూ, నీ పెదాలు నల్లబడ్డాయి. మసి కాదు ఇది. ఆసుపత్రి ఈ మలుపులోనే ఉంది, ఒక్కసారి పోదాం."

అతను కొమ్మ వంక తిరిగాడు. "అన్నా, ఈవిడ పొన్నమ్మ. మంచిదే, వాగుడు కాస్త ఎక్కువ. నువ్వేం పట్టించుకోకు, నడువు."

పొన్నమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మినీబస్సు టాక్సీల స్టాండులో జనాన్ని ఎక్కించేవాడి దగ్గరికి వెళ్ళి, "తుగేలా ఫెర్రీ ఊరు దాటాక మూడో స్టాపు. ఇద్దరికి," అంది. వాడు కొమ్మ చూశాడు. టోపీ తీసేశాడు.

"పెద్దాయన కిటికీ పక్కన కూర్చుంటారా?" అని కొమ్మని చూస్తూ అడిగాడు.

"కూర్చోబెట్టు. ఎప్పుడో చూసిన ఊళ్ళు, చూసుకుంటూ పోతాడు," అంది పొన్నమ్మ.

కొమ్మను కిటికీ పక్క సీట్లో నిలబెట్టి, బెల్టు పెట్టి, బెకుముజి పక్కన కూర్చున్నాడు. బండి నిండింది. ఎవరూ ఆ సీటు ఖాళీగా ఉందే అనలేదు. డ్రైవరు ఎక్కుతూనే అద్దంలో కొమ్మ చూసి పాట ఆపేశాడు. బెకుముజికి ఇటుపక్కన క్యాబేజీ బస్తాతో కూర్చున్న నడివయసు ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. కొమ్మ పట్టుకున్నవాడిని పలకరించకూడదు. అతను చచ్చినవాడితో అనే మాటలు చెవిన పడినా పడనట్టే ఉండాలి. చిన్నపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది.

"ఇది డండీ అన్నా, దాటేశాం. ఈ రోడ్డుకి తారు వేశారు. ఇది హెల్ప్‌మెకార్ మలుపు. అక్కడ మనం లారీ దిగి నడిచాం, నీ బూటు ఊడింది, గుర్తుందా?"

పొమరోయ్ దగ్గరికి వచ్చేసరికి మాటకీ మాటకీ మధ్య దూరం పెరిగింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది. లోపలికి తీసుకున్న గాలి ఎటు పోతోందో తెలియడం లేదు. ఇది మామూలు తెర కాదని అతనికి అర్థమైంది. పొమరోయ్‌లో క్లినిక్కు ఉంది, రోడ్డు మీదికే కనిపిస్తుంది. డ్రైవరన్నా ఆపు అంటే చాలు, ఆపుతాడు. రెండే రెండు మాటలు.

ఆ రెండు మాటలకి అన్న దిగిపోతాడు. ఎవరూ తెలియని పొమరోయ్‌లో, ఆ సంత మధ్యలో దిగి, మళ్ళీ దారెటు అని అడుగుతూ నిలబడతాడు. ఈసారి పిలవడానికి గోడ కూడా ఉండదు.

"అన్నా," అన్నాడు. "నాకు ఊపిరి ఆడటం లేదన్నా."

క్యాబేజీ ఆవిడ విన్నది. వెనక సీటు ముసలాయన కూడా విన్నాడు. గనిలో గాలి ఆడక చచ్చిపోయిన మనిషి కాబోలు, ఆ బాధ తలుచుకుంటున్నాడు పాపం అనుకుందామె. ఆమెకి కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఒక్కసారి అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది. మర్యాద కాదని మానేసింది. కిటికీ బయట క్లినిక్కు వెనక్కి వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి రోడ్డు లోయలోకి దిగుతుంది. రాళ్ళు, కలబంద, ఎండిన మేకలదారులు. బెకుముజి ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఇంకొక్కటి మిగిలింది. ఏరు. ఏరు దాటుతున్నామని చెప్పకపోతే చచ్చినవాడు నీళ్ళ ముందు ఆగిపోతాడు. తండ్రి తెచ్చినప్పుడు కూడా ఏరు చెప్పాడో లేదో అని చాలా రాత్రులు అనుమానపడ్డాడు. అప్పటిదాకా ఊపిరి దాచుకోవాలి. మాట్లాడటం మానేశాడు. కొమ్మ వంకే చూస్తూ, చిన్న చిన్నగా, గుటకలు వేసినట్టు గాలి మింగుతూ కూర్చున్నాడు. మలుపు తిరిగింది. కింద తుగేలా కనిపించింది, ఇటూ అటూ ఇసుక, మధ్యలో గోధుమరంగు నీళ్ళు. వంతెన ఇనుము చక్రాల కింద మోగింది.

"అన్నా. ఏరు. దాటుతున్నాం. కాళ్ళు ఎత్తు."

బండిలో అందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు. అవతలి ఒడ్డు చేరాక మళ్ళీ ఏమీ అనలేదు. అలసిపోయాడు, నిద్రపట్టింది అనుకుంది క్యాబేజీ ఆవిడ. తల ఆమె భుజం మీదికి వాలితే కదలకుండా కూర్చుంది.

మూడో స్టాపులో మాఖోజా దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. పక్కన ముగ్గురు పొరుగువాళ్ళు, ఒక మేక. బండి ఆగింది. అతను దిగలేదు. "పెద్దాయనా, వచ్చేశాం," అన్నాడు డ్రైవరు, కొమ్మకి చెప్పినట్టు చెబుతూ అతనికి వినపడేలా. అయినా కదలలేదు. అప్పుడు క్యాబేజీ ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది.

"నాకు వినపడింది. ఊపిరాడటం లేదన్నాడు. వినపడింది," అని అదే మాట పదే పదే అంది. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. వాళ్ళెవరైనా అదే చేసేవారు.

పొరుగువాళ్ళు అతన్ని దింపి దుప్పటి మీద పడుకోబెట్టారు. మాఖోజా బండి ఎక్కింది. మరిది కూర్చున్న సీటు, పక్కన బెల్టు పెట్టుకుని కూర్చున్న కొమ్మ. రెండింటి మధ్యా నిలబడిపోయింది. ఒళ్ళు ఇంటికి పోతుంది గాని, మనిషి ప్రాణం పోయిన చోటే ఉంటాడు. అంటే బెకు ఇక్కడే, ఈ సీట్లోనే ఉన్నాడు. ఒక కొమ్మ మీద ఇద్దరిని పిలిస్తే దారిలో ఒకరు తప్పిపోతారు. ముందు ఎవరి కోసం ఇంత దూరం వచ్చారో వాళ్ళనే చేర్చాలి. ఆ ఇంట్లో ఇక బెకుని పిలిచి తేగల మగవాడు ఒక్కడే మిగిలాడు, వాడు డర్బన్‌లో ఉపవాసంలో ఉన్నాడు.

ఆమె కొమ్మ నుంచి చిన్న రెమ్మ విరిచింది. వేలికి ముల్లు గుచ్చుకుంది. దాన్ని మరిది కూర్చున్న సీట్లో పెట్టి, పైన బెల్టు బిగించింది.

"బెకూ, నాన్నా, నువ్వు కాసేపు ఇక్కడే కూర్చో. ఎక్కడా దిగకు. నీ కోసం మనిషి వస్తాడు," అంది.

తర్వాత కొమ్మ చేతుల్లోకి తీసుకుంది. "దిగండి. ఇల్లొచ్చింది," అంది భర్తతో, నలభై ఏళ్ళ తర్వాత.

"ఈ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వనమ్మా," అన్నాడు డ్రైవరు. "కానీ ఎప్పుడొస్తారు? ఎవరొస్తారు?"

ఆమె చేతుల్లో కొమ్మ ఉంది, బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదు. మెట్టు దిగింది, మేక వైపు, కంచె వైపు నడిచింది. డ్రైవరు కాసేపు చూసి బండి తీశాడు. గ్రేటౌన్ దాకా దారిలో ముగ్గురు చెయ్యెత్తారు. లోపల చోటున్నట్టు కనిపిస్తున్నా అతను ఆపలేదు. సీట్లో నల్లటి బెల్టు కింద రేగురెమ్మ ఉంది, నాలుగు ఆకులతో.